నికోడెమస్: రైలు రాకున్నా చెదరని ఊరు

అందరికీ నమస్కారం.

అమెరికా నడిమధ్యన కాన్సస్ రాష్ట్రం. దాని వాయవ్య భాగంలో గ్రాహమ్ కౌంటీ, అంటే మన జిల్లాలాంటి పాలనా విభాగం. ఆ కౌంటీలో 24వ నంబరు జాతీయ రహదారి పక్కన, సోలమన్ నది దక్షిణ పాయకు ఉత్తరాన, నికోడెమస్ అనే ఊరుంది. బానిసత్వం రద్దయి పుష్కరం తిరిగేసరికి, అంటే 1877లో, కెంటకీ నుంచి వచ్చిన నల్లజాతి కుటుంబాలు కట్టుకున్న ఊరు ఇది. అంతర్యుద్ధం తర్వాతి పునర్నిర్మాణ కాలంలో మిసిసిపీ నదికి పడమట నల్లజాతివాళ్లు స్థాపించుకున్న ఊళ్లలో ఇప్పటికీ మనుషులు కాపురముంటున్నది ఇదొక్కటే అని, జాతీయ ఉద్యానాలూ చారిత్రక స్థలాలూ చూసుకునే అక్కడి నేషనల్ పార్క్ సర్వీస్ చెబుతుంది.

ఈ ఊరికి మేయరు లేడు, పురపాలక సంఘం లేదు. ఎప్పుడూ లేవు. అమెరికాలో ఒక చోట ఇళ్లు, గుడి, బడి, దుకాణాలు ఉన్నంత మాత్రాన అది చట్టం దృష్టిలో నగరం కాదు. అక్కడి ఓటర్లు తగినంత జనాభా చూపించి, దరఖాస్తు పెట్టుకుని, హోదా తెచ్చుకోవాలి. తెచ్చుకోని ఊరిని కౌంటీయే చూసుకుంటుంది. దొంగతనం జరిగితే వచ్చేది కౌంటీ షెరీఫ్, రోడ్డు వేసేది కౌంటీ లేదా టౌన్‌షిప్ (కౌంటీలో ఒక చిన్న పాలనా విభాగం) బోర్డు, ఆస్తిపన్ను కట్టేది కౌంటీ ఖజానాలో. మన దగ్గర సొంత పంచాయతీ లేని శివారు పల్లెను తలుచుకుంటే సుమారుగా అర్థమవుతుంది.

ఈ ఊరి కథను సాధారణంగా ఒకే వాక్యంలో ముగించేస్తారు: 1888లో రైలు రాలేదు, ఊరు పోయింది. నేను ఆ మాట ఒప్పుకోను. రైలు పోగొట్టింది బజారును. బజారు పోయాక కూడా ఊరు నిలిచిందంటే, ఆ చుట్టూ ఉన్న పొలాలు ఆ కుటుంబాల పేరు మీదే ఉండటం వల్ల. అందుకే ఈ సాయంత్రం రైలు కన్నా భూమి గురించి ఎక్కువ మాట్లాడతాను.

ముందు ఊరు కాగితం మీద ఎలా పుట్టిందో చూద్దాం. 1877 ఏప్రిల్‌లో నికోడెమస్ టౌన్ కంపెనీ ఏర్పడింది. ఏడుగురు సభ్యులు. ఆరుగురు నల్లజాతివాళ్లు, ఒకరు తెల్లజాతి మనిషి. అధ్యక్షుడు డబ్ల్యు. హెచ్. స్మిత్ అనే నల్లజాతీయుడు. కోశాధికారి డబ్ల్యు. ఆర్. హిల్, ఇండియానా నుంచి వచ్చిన భూమి వ్యాపారి. తర్వాత పడమట పన్నెండు మైళ్ల దూరంలో హిల్ సిటీ వెలసింది ఇతని పేరు మీదే. వీళ్లు కరపత్రాలు వేసి కెంటకీ, టెనసీ రాష్ట్రాల్లో పంచారు. ఊరి చిరునామా కరపత్రంలోనే ఉంది: 1వ సెక్షన్ వాయవ్య పావు, 8వ టౌన్‌షిప్, 21వ రేంజి.

(తెర మీద సర్వే పటం)

ఈ అంకెలు కాస్త నిదానంగా చూడండి, ఎందుకంటే ఈ ఊరి చరిత్రలో ఏ కాగితం పట్టుకున్నా ఇవే కనిపిస్తాయి. కేంద్ర ప్రభుత్వం నేలనంతా ఆరు మైళ్లకు ఆరు మైళ్లు గళ్లు కొట్టింది. ఒక్కో గడి ఒక సర్వే టౌన్‌షిప్; ఇందాక చెప్పిన పాలనా టౌన్‌షిప్ వేరు. గడి ఉత్తర దక్షిణాల్లో ఎన్నోదో టౌన్‌షిప్ అంకె, తూర్పు పడమరల్లో ఎన్నోదో రేంజి అంకె చెబుతాయి. అందులో మైలుకు మైలు చొప్పున 36 సెక్షన్లు, ఒక్కోటి 640 ఎకరాలు. లెక్క ఈశాన్య మూలలో మొదలై పడమటికి పోతుంది, రెండో వరసలో తూర్పుకు తిరుగుతుంది, అలా కిందిదాకా. కాబట్టి 1వ సెక్షన్ అంటే ఈశాన్య మూల గడి. దాన్ని నాలుగు చేస్తే పావు సెక్షన్ 160 ఎకరాలు, అర మైలుకు అర మైలు. కొలిచింది 66 అడుగుల గంటర్ గొలుసుతో. ఆంధ్ర జిల్లాల్లో పాత ఎఫ్.ఎం.బి., అంటే పొలాల కొలతల పుస్తకం, చూసినవాళ్లకు ఈ గొలుసు కొత్త కాదు. అందులో లింకుల్లో రాసి ఉండే కొలతలు ఈ గొలుసువే: వంద లింకులు ఒక గొలుసు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం.

కంపెనీ ఒక పావు సెక్షన్‌ను ఊరి నేలగా తీసుకుని, వీధులూ స్థలాలూ గీసింది. లెక్సింగ్టన్‌లో వేసిన కరపత్రంలో షరతులు స్పష్టంగా ఉన్నాయి. కాలనీలో సభ్యత్వానికి 1 డాలరు, కావాలంటే 25 సెంట్ల చొప్పున వాయిదాల్లో. అక్కడి ఖాళీ నేలలో ప్రవేశానికి 5 డాలర్లు. పాతిక సెంట్ల వాయిదా పెట్టారంటే ఆ మనుషుల చేతిలో ఎంత ఉండేదో ఊహించండి. వాళ్లలో చాలామంది పాత యజమానుల పొలాల్లోనే వాటాకు సేద్యం చేస్తున్నవాళ్లు. విత్తనాలూ సరుకులూ అరువు, పంట రాగానే అరువు తీరడం, మళ్లీ అరువు. 1877లోనే కేంద్ర సైన్యం దక్షిణాది రక్షణ నుంచి తప్పుకుంది. సొంత నేల ఒక్కటే ఆ వలయం నుంచి బయటపడే దారి.

1877 జులై చివర్లో ముప్పైమంది వచ్చారు. సెప్టెంబరులో కెంటకీ నుంచి 300 మందికి పైగా. వాళ్లు దిగింది ఎల్లిస్ అనే స్టేషన్‌లో. అక్కడికి కాన్సస్ పసిఫిక్ రైలు ఉంది. ఎల్లిస్ నుంచి నికోడెమస్ 35 మైళ్లు ఉత్తరాన, రెండు రోజుల నడక. కరపత్రం చెప్పిన పట్టణం అక్కడ లేదు. మొదటి బృందం నేలలో తవ్వుకున్న ఇళ్ల పొగగొట్టాలు తప్ప ఏదీ కనిపించలేదు. హిల్ మీద జనం మండిపడ్డారు. అరవై దాకా కుటుంబాలు వెనుదిరిగాయని చెబుతారు. 1878 వసంతంలో రెవరెండ్ డేనియల్ హిక్‌మన్ నాయకత్వాన కెంటకీలోని జార్జ్‌టౌన్ ప్రాంతపు బాప్టిస్టు సంఘం వచ్చింది. వాళ్లకు ఎల్లిస్‌లోనే తట్టు సోకి కొందరు పిల్లలు చనిపోయారు. మిగిలినవాళ్లు దిక్సూచి సాయంతో నడిచి వచ్చారు. ఊరేదీ అని అడిగితే పొగ చూపించారట. ఆయన భార్య విలియానా హిక్‌మన్, ఆ దృశ్యం చూసి ఏడ్చానని ముసలితనంలో చెప్పుకుంది. అయినా ఆ దంపతులు వెనక్కి పోలేదు.

ఆ తవ్వుడు ఇల్లు ఎలా కట్టేవారో చెప్పాలి. ఆ నేలలో కలప లేదు. చెట్లు నదీ వాగుల ఒడ్డునే, అదీ కొద్దిగా. కాబట్టి వాలు ఉన్న గట్టును ఎంచుకుంటారు. దక్షిణానికో తూర్పుకో ముఖం ఉంటే మంచిది, చలికాలపు ఈదురు ఉత్తరం నుంచి కొడుతుంది. గట్టులోకి పదీ పన్నెండు అడుగులు తవ్వితే మూడు గోడలు నేలే ఇస్తుంది. ముందు గోడకు రాయి గానీ పచ్చికపెళ్లలు గానీ. ఆ గడ్డిమైదానంలో వేళ్లు ఎంత దట్టంగా అల్లుకుని ఉంటాయంటే, నాగలితో అడుగు వెడల్పు చాలు తీసి, పారతో మూడేసి అడుగుల ముక్కలు కోస్తే ఇటుకలా నిలుస్తాయి. గడ్డి వైపు కిందికి పెట్టి, గోడ రెండు వరసల మందాన, అతుకులు తప్పించి పేర్చాలి. పైకప్పుకు వాగు ఒడ్డు నుంచి తెచ్చిన దూలం ఒకటి, దానిపై వాసాలు, కంప, ఎండుగడ్డి, ఆపైన మళ్లీ పచ్చికపెళ్లలు, మన్ను.

ఇక చెడేది పైకప్పు దగ్గరే. తడిసిన మన్ను బరువు ఒకటికి రెండింతలవుతుంది. దూలం సన్నమైతే వంగి కూలుతుంది. వాన వెలిసినా లోపల రెండుమూడు రోజులు బురద చుక్కలు రాలుతూనే ఉంటాయి. గట్టుపై నుంచి వచ్చే నీటికి ఇంటి వెనక అడ్డంగా కాలువ తీయకపోతే వెనకగోడ జారిపోతుంది. వేసవిలో పాములు, గోమార్లు. చలికి మాత్రం అది మంచి ఇల్లు: బయట సున్నాకు దిగువనున్నా లోపల చిన్న పొయ్యి చాలు. పొయ్యిలోకి ఎండిన అడవిదున్న పేడ, పొద్దుతిరుగుడు కాడలు.

మొదటి చలికాలం తిండి చాలలేదు. వేట ముగించుకుని వెళ్తున్న ఓసేజ్ తెగవాళ్లు తమ మాంసంలో వాటా ఇచ్చారని ఆ కుటుంబాలు తరతరాలుగా చెప్పుకుంటాయి. పశువులు, నాగళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. మరి మొదటి సేద్యం ఎలా? గడ్డపలుగు, పార, గొడ్డలి. పచ్చికను గొడ్డలితో చీల్చి, ఆ చీలికలో మొక్కజొన్న గింజలు వేసి, మడమతో తొక్కి మూసేవారు. అది తక్కువ దిగుబడి పంట. కానీ ఆ ఏడాదికి గింజ, మరుసటి ఏటికి మెత్తబడిన నేల దక్కుతాయి. కుటుంబానికి ఏడాదికి కొద్ది ఎకరాలే పగలగొట్టగలరు. మగవాళ్లు ఎల్లిస్‌కో ఇంకా తూర్పుకో నడిచివెళ్లి రైలు పనుల్లో, తెల్లవాళ్ల పొలాల్లో కూలి చేసి డబ్బు తెచ్చేవారు. మైదానంలో తెల్లగా పడి ఉన్న అడవిదున్న ఎముకలు ఏరి ఎరువు కోసం రైలుస్టేషన్‌లో అమ్మడం కూడా ఆ ప్రాంతమంతటా మామూలే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పొలం పట్టా ఎలా వస్తుంది? 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద, ప్రభుత్వ నేల మీద కాపురముండి సాగు చేసినవారికి 160 ఎకరాలు. దరఖాస్తుదారు కుటుంబ యజమాని గానీ 21 ఏళ్లు నిండినవారు గానీ అయివుండాలి, పౌరసత్వం గానీ, అది తీసుకుంటామన్న ప్రకటన గానీ ఉండాలి. 1868లో 14వ రాజ్యాంగ సవరణ నల్లజాతివాళ్ల పౌరసత్వాన్ని ఖాయం చేసింది కాబట్టి, ఈ చట్టం ముందు వాళ్లు సాటివాళ్లే. ఒక బ్యాంకు తన గల్లా దగ్గర చూపించే వివక్షను ఈ కాగితం చూపించలేదు. అదే దాని విలువ.

మొదట సర్వేవాళ్లు పాతిన మూల రాయో మట్టిదిబ్బో వెతికి, మీ పావు సెక్షన్ ఏదో కచ్చితంగా తేల్చుకోవాలి. ఇక్కడే మొదటి ప్రమాదం. రాళ్లు కనపడకపోతే, అక్షరం రానివాడైతే, నేల చూపించేవాడి మీద ఆధారపడాలి. హిల్ సంపాదన ఆ పనిలోనే. అంకె ఒకటి తప్పితే బావి తవ్వింది పక్కవాడి పొలంలో అవుతుంది. తర్వాత భూమి కార్యాలయానికి వెళ్లి ప్రమాణపత్రం, రుసుము. మొదటినుంచి చివరిదాకా రుసుములన్నీ కలిపి సుమారు 18 డాలర్లు. ఆరు నెలల్లో నేల మీద కాపురం పెట్టాలి. అక్కడి నుంచి ఐదేళ్లు ఉండాలి, సాగు చేయాలి. ఆరు నెలలకు మించి ఇల్లు వదిలితే వదిలేసినట్టే, ఎవరైనా ఫిర్యాదు పెట్టి ఆ నేల తమకు రాయించుకోవచ్చు. మగవాళ్లు కూలికి పోయినా ఆడవాళ్లూ పిల్లలూ ఆ తవ్వుడింట్లో చలికాలం వెళ్లదీశారంటే, ఇదీ ఒక కారణం. చాలా కథనాలు ఆ స్త్రీల సహనాన్ని మెచ్చుకుని ఊరుకుంటాయి. వాళ్లు అక్కడ కూర్చోవడం చట్టపరమైన పని అని, పట్టాలో సగం వాళ్ల కాపురంతోనే సంపాదించిందని చెప్పాలి.

ఐదేళ్లు నిండాక ఇద్దరు సాక్షులతో వెళ్లి రుజువు ఇవ్వాలి. ఇల్లు ఎన్ని అడుగులు, బావి ఉందా, ఎన్ని ఎకరాలు దున్నారు, ఏం పండింది, ఎన్నాళ్లు ఊళ్లో లేరు, అన్నీ అడిగి రాసుకుంటారు. 1879 చట్టం ప్రకారం ఆ రుజువుకు ముందు పత్రికలో ప్రకటన వేయించాలి, అభ్యంతరాలుంటే బయటపడటానికి. పడమటి రాష్ట్రాల్లో గుప్పెడు ఇళ్లున్న ఊళ్లో కూడా పత్రిక నడిచేదంటే ఈ ప్రకటనల ఆదాయమే పెద్ద ఆధారం. నికోడెమస్‌లో 1886లో ‘వెస్టర్న్ సైక్లోన్’, 1887లో ‘నికోడెమస్ ఎంటర్‌ప్రైజ్’ అని రెండు పత్రికలు వచ్చాయి.

ఇంకో సూక్ష్మం ఉంది. పట్టా రాకముందు చేసిన అప్పులకు ఆ నేలను జప్తు చేయడానికి చట్టం ఒప్పుకోదు. అంటే ఐదేళ్లపాటు నేలకు రక్షణ. పట్టా వచ్చిన మరునాడు నేల తాకట్టుకు అర్హం అవుతుంది, దాంతోపాటే పోగొట్టుకునే అవకాశమూ మొదలవుతుంది. 1890ల కరువుల్లో ఆ మైదానమంతటా పొలాలు చేతులు మారింది ఈ తాకట్లతోనే.

గ్రాహమ్ కౌంటీకి 1880 దాకా సొంత పాలనే లేదు. కౌంటీ ఏర్పడినప్పుడు దాని గుమాస్తాగా నికోడెమస్‌కు చెందిన ఎడ్వర్డ్ మెకేబ్‌ను గవర్నరు నియమించాడు. ఇతను 1878లో షికాగో నుంచి వచ్చిన నల్లజాతి యువకుడు. 1882లో రాష్ట్ర ఆడిటర్‌గా ఎన్నికయ్యాడు, 1884లో మళ్లీ గెలిచాడు. దక్షిణాదికి బయట, రాష్ట్రస్థాయి పెద్ద పదవికి ఎన్నికైన తొలి నల్లజాతి వ్యక్తిగా అతన్ని చెబుతారు. మున్సిపాలిటీ కూడా కాని ఊరు అతని తొలి గెలుపు నాటికి పుట్టి ఐదేళ్లు. కౌంటీ పదవులకు కూడా నికోడెమస్ వాళ్లు పోటీ చేసేవారు, గెలిచేవారు. ఓట్లు ఒకచోట గుంపుగా ఉండటం వల్ల వచ్చిన బలం అది, కౌంటీలో రెండు పార్టీలూ వీళ్ల దగ్గరికి రావలసివచ్చేది.

ఊరి మధ్యలో 1880లలో సున్నపురాతి కట్టడాలు లేచాయి. ఆ ప్రాంతపు రాయి తవ్వినప్పుడు మెత్తగా ఉంటుంది, రంపంతో కోయొచ్చు, గాలి తగిలాక గట్టిపడుతుంది. 1881 నాటి సెయింట్ ఫ్రాన్సిస్ హోటల్, 1885 నాటి చర్చి ఇప్పటికీ ఉన్నాయి. ఆ హోటల్ నడిపింది జకారీ ఫ్లెచర్, ఊరి తొలి పోస్ట్‌మాస్టర్. ఆయన భార్య జెన్నీ స్మిత్ ఫ్లెచర్ ఊరి తొలి టీచరు. ఆమె డబ్ల్యు. హెచ్. స్మిత్ కూతురే.

ఇక రైలు. లెక్కతో చూద్దాం. గోధుమ బుషెల్ 60 పౌండ్లు. రెండు గుర్రాల బండి మంచి దారిలో 40 నుంచి 50 బుషెల్స్ లాగుతుంది, అంటే సుమారు పదకొండు నుంచి పదమూడున్నర క్వింటాళ్లు. బరువుతో రోజుకు పదిహేను, ఇరవై మైళ్లు. ఎల్లిస్‌కు పోయి రావడానికి ఒక్క బండెడు గింజకు నాలుగు రోజులు. మిసౌరీ పసిఫిక్ కంపెనీ రైలుమార్గం తూర్పున స్టాక్టన్‌దాకా వచ్చాక దూరం సుమారు ఇరవై మైళ్లకు తగ్గింది. అయినా రెండు రోజులు. రైలు కంపెనీలకు ఈ లెక్క బాగా తెలుసు. ఆవిరి ఇంజనుకు పది ఇరవై మైళ్లకోసారి నీరు కావాలి, రైతు ఒక్కరోజులో పోయి రాగల దూరంలో గిడ్డంగి కావాలి. కాబట్టి ఊళ్లు ఎక్కడ నిలవాలో ముందే వాళ్ల పటాల్లో ఉంటుంది. ఉన్న ఊరికి రైలు వేయడం కన్నా, తమ మార్గం పక్కన కొత్త ఊరు గీసి స్థలాలు అమ్ముకోవడమే కొన్నిసార్లు వాళ్లకు లాభం.

ఊళ్లు రైలును పిలవడానికి వాడిన పనిముట్టు బాండ్లు, అంటే అప్పుపత్రాలు. టౌన్‌షిప్ ఓటర్లు ఓటేసి ఇంత మొత్తానికి బాండ్లు ఇస్తామంటారు. రైలు నిర్ణీత తేదీలోగా వస్తే బాండ్లు కంపెనీకి పోతాయి, కంపెనీ వాటిని తూర్పున అమ్ముకుంటుంది, అసలూ వడ్డీ అక్కడి రైతులు ఏళ్లతరబడి ఆస్తిపన్నుగా కడతారు. 1887లో నికోడెమస్ టౌన్‌షిప్ మిసౌరీ పసిఫిక్ కోసం 16,000 డాలర్ల బాండ్లకు ఓటేసింది. ఒక హోమ్‌స్టెడ్ రుసుములు 18 డాలర్లయితే, దాదాపు 890 పొలాల రుసుములంత మొత్తం అది. పదేళ్ల కిందట పాతిక సెంట్ల వాయిదాతో వచ్చినవాళ్లు అంత బాధ్యత నెత్తిన వేసుకోవడానికి సిద్ధపడ్డారు. మిసౌరీ పసిఫిక్ రాలేదు. యూనియన్ పసిఫిక్ వచ్చింది, కానీ నదికి అవతల, నైరుతిన నాలుగైదు మైళ్ల దూరంలో. 1888లో ఆ మార్గం పక్కన బోగ్ అనే ఊరు పుట్టింది. నికోడెమస్ వర్తకులు ఒకరి తర్వాత ఒకరు అక్కడికి తరలిపోయారు. పత్రికలు మూతపడ్డాయి.

ఇక్కడ రెండు వేర్వేరు లెక్కలున్నాయి. దుకాణదారుకు నాలుగు మైళ్ల దూరం చావుదెబ్బ, ఎందుకంటే గింజ దింపిన రైతు అక్కడే ఉప్పూ గుడ్డా కొంటాడు. రైతుకు అదే దూరం పెద్ద మేలు. నిన్నటిదాకా రెండు రోజులు పట్టిన పని ఇవాళ పూటలో అయిపోతుంది. నికోడెమస్ బజారు ఖాళీ అవుతుంటే నికోడెమస్ పొలాలకు రైలు దగ్గరైంది. రైలు రాలేదని కాక, రైలు పక్కకి వచ్చిందని చదివితే, ఆ తర్వాతి అరవై ఏళ్లు అర్థమవుతాయి. కుటుంబాలు పొలాల్లో ఉన్నాయి. ఆదివారం చర్చికి, పిల్లలు బడికి, ఓటుకు, పెళ్లికి, చావుకి నికోడెమస్‌కే వచ్చేవి. బాండ్ల అప్పు మీద పడకపోవడం కూడా చిన్న విషయం కాదు. కాన్సస్‌లో రైళ్లకని బాండ్లు ఇచ్చిన చాలా చోట్ల ఆ పన్ను 1890ల కరువులో మెడకు చుట్టుకుంది.

అక్కడి వాన సాలుకు సుమారు 500 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. మొక్కజొన్నకు అది చాలీ చాలనిది. 1874లో రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖ వలసదారులు తెచ్చిన టర్కీ రెడ్ శీతాకాలపు గోధుమ ఆ నేలకు సరిపడింది. సెప్టెంబరు, అక్టోబరుల్లో విత్తితే చలికి ముందే వేళ్లు పట్టి, మంచు కింద నిద్రపోయి, వసంతపు తేమతో లేచి, వేడిగాలులు ముదిరేలోపు జూన్ చివర, జులైలో కోతకు వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బుషెల్ రెండు డాలర్లు దాటింది, రైతులు నేల కొన్నారు, ట్రాక్టర్లు కొన్నారు. 1932లో నలభై సెంట్ల దిగువకు పడిపోయింది. ఆ వెంటనే దుమ్ము తుఫాన్ల దశాబ్దం. డెన్వర్, టొపీకా, కాన్సస్ సిటీ, కాలిఫోర్నియాలకు వలసలు అప్పుడు ఊపందుకున్నాయి, రెండో యుద్ధంలో ఇంకా. పోస్టాఫీసు 1953లో మూతపడింది. నికోడెమస్ నిజంగా చిక్కిపోయిన కాలం 1888 కాదు, ఇది.

అమెరికా అంతటా 1920లో దాదాపు 9,25,000 మంది నల్లజాతి రైతులుండేవారు. తర్వాత వాళ్ల సంఖ్య కుప్పకూలింది. వ్యవసాయ శాఖ రుణాల్లో వివక్ష మీద నల్లజాతి రైతులు వేసిన పిగ్‌ఫర్డ్ దావా 1999లో రాజీకి వచ్చింది. నికోడెమస్ వారసుల్లో కొందరు ఇంత జరిగినా పొలం వదల్లేదు. ఆ ఊరి పేరుతో గోధుమపిండి కూడా అమ్మారు.

ఊళ్లో మిగిలిన చారిత్రక కట్టడాలు ఐదు: హోటల్, 1885 చర్చి, 1907 నాటి ఫస్ట్ బాప్టిస్టు చర్చి, 1918 నాటి ఒకే గది కర్ర బడి, 1939లో ఉపాధి పనుల పథకం కింద సున్నపురాతితో కట్టిన టౌన్‌షిప్ హాలు. 1976లో జాతీయ చారిత్రక గుర్తింపు వచ్చింది, 1996లో నేషనల్ హిస్టారిక్ సైట్ అయింది. ఈ రాతి గోడల విషయంలో ఒక హెచ్చరిక. మెత్తటి సున్నపురాయిని సున్నపు గచ్చుతోనే అతకాలి. సిమెంటు పూత పూస్తే లోపలి తేమ బయటికి పోలేక రాతిలోనే నిలిచి, చలికాలంలో గడ్డకట్టి ఉబ్బి, రాయి ముఖం పొరలుగా రాలిపోతుంది. పూత చెక్కుచెదరకుండా కనిపిస్తుంది, వెనక రాయి పిండి అవుతుంది. మన ఊళ్లలో పాత సున్నపు గోడలకు సిమెంటు పూస్తున్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక ప్రశ్నలు తీసుకుంటాను.

(సభలో ఒకరు: వీళ్లనేనా ‘ఎక్సోడస్టర్లు’ అనేది?)

కలిపి చెబుతారు గానీ కాదు. ఆ పేరు 1879లో మిసిసిపీ, లూసియానా, టెనసీల నుంచి వేలమంది ఒక్కసారిగా కాన్సస్‌కు కదిలిన ఉద్యమానిది. నికోడెమస్ వాళ్లు అంతకు రెండేళ్ల ముందే, కంపెనీ కట్టుకుని, నేల ఎంచుకుని వచ్చారు.

(మరొకరు: ఇంత వివరం ఏ కాగితాల్లో దొరుకుతుంది?)

పేరుతో వెతకడం మొదలుపెట్టకండి. పేర్లు గుమాస్తా చెవికి వినబడ్డట్టు రాశాడు, ఒకే మనిషి మూడు రకాలుగా కనిపిస్తాడు. నేలతో మొదలుపెట్టండి. కావలసిన పావు సెక్షన్, టౌన్‌షిప్, రేంజి రాసుకుని, భూమి శాఖ ట్రాక్ట్ బుక్కులో ఆ పుట తీయండి. దానికి ఎవరెవరు దరఖాస్తు పెట్టారు, ఎవరు వదిలేశారు, ఎవరికి పట్టా వచ్చింది, వరసగా ఉంటుంది. పట్టా నంబరు దొరికితే దాని మూల దస్త్రం వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో అడగొచ్చు. నేను చెప్పిన రుజువు పత్రాలు అందులోనే ఉంటాయి. వదిలేసినవాళ్ల దస్త్రాలను కూడా అడగండి, చాలామంది వాటిని మరచిపోతారు. పట్టా తర్వాతి అమ్మకాలు, తాకట్లు మాత్రం హిల్ సిటీలో కౌంటీ రిజిస్ట్రారు దగ్గర. మొదటి మూడేళ్ల కాగితాలు గ్రాహమ్‌లో లేకపోతే పక్కనున్న రూక్స్ కౌంటీలో చూడాలి, అప్పట్లో గ్రాహమ్‌ను కోర్టు వ్యవహారాలకు దానికే జతచేశారు.

(ఇంకొకరు: 2020 జనాభా లెక్కల్లో 14 మందే అన్నారు. ఇక అది ఊరేనా?)

ఆ 14 ఎలా వచ్చిందో చూడండి. మున్సిపాలిటీ అయితే చట్టం గీసిన సరిహద్దు ఉంటుంది. ఇది కాదు కాబట్టి సరిహద్దే లేదు. లెక్కల కోసం జనగణన శాఖ తానే ఇళ్ల గుంపు చుట్టూ ఒక గీత గీసుకుని, దాని లోపలివాళ్లను లెక్కపెట్టింది. రెండు మైళ్ల అవతల ముత్తాత పట్టా నేలలో గోధుమ వేస్తున్న కుటుంబం ఆ 14లో లేదు. టొపీకాలోనో డెన్వర్‌లోనో ఉంటూ ఇక్కడ భూమికి పన్ను కడుతున్నవాళ్లూ లేరు. ఆగస్టు 1, వెస్టిండీస్ బానిసల విముక్తి దినాన్ని, ఊరు పుట్టిన కొత్తలోనే పండుగగా మొదలుపెట్టారు. ఇప్పుడది జులై చివరి వారాంతంలో జరుగుతుంది. ఆ రెండుమూడు రోజులు దేశం నలుమూలల నుంచి వారసులు వందల్లో వస్తారు. టౌన్‌షిప్ హాలు చాలదు. జనగణన ఏప్రిల్ 1వ తేదీ లెక్క.